బండి తిప్పితే గస్తీ కాదు

ఎక్కడైనా కత్తిపోట్లు జరిగాయనగానే ‘రాత్రి గస్తీ పెంచాం’ అని ప్రకటన వస్తుంది. ఎన్ని బళ్ళు పెంచారో చెప్తారు. ఆ బళ్ళు ఏ సందు మొదట్లో, ఎన్నింటికి, ఎంతసేపు ఆగుతాయో మాత్రం చెప్పరు. అసలు సంగతంతా ఆ మూడిట్లోనే ఉంది. నెల్లూరు, ఒంగోలు లాంటి ఊళ్ళలో స్టేషన్‌కి ఉండే సిబ్బందే తక్కువ. ఉన్న ఆ నలుగురినీ ఎక్కడ నిలబెట్టాలన్నది ప్రాణాలతో ముడిపడ్డ నిర్ణయం కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నా.

ఊరంతా బండి తిప్పితే నేరం తగ్గదని 50 ఏళ్ళ కిందే తేలింది. అమెరికాలోని కాన్సస్ సిటీలో 1972 అక్టోబరు నుంచి ఏడాది పాటు 15 పోలీసు బీట్లను (గస్తీ ప్రాంతాలను) మూడు భాగాలు చేశారు. ఒక భాగంలో మామూలు గస్తీ ఆపేసి, ఫోనొస్తేనే వెళ్ళారు. రెండో భాగంలో ఎప్పటిలాగే తిరిగారు. మూడోదాంట్లో రెండు మూడింతలు పెంచారు. ఏడాది చివర చూస్తే నేరాల్లోనూ, జనం భయంలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. జనం ఆ మార్పును గమనించనే లేదు. ఈ ఫలితం చూసి చాలామంది గస్తీయే దండగ అనేశారు. దండగైంది గస్తీ కాదు, దాన్ని ఊరంతా పలచగా పరిచేయడం.

ఆ తర్వాత మినియాపొలిస్‌లో లారెన్స్ షెర్మన్ అనే నేర పరిశోధకుడి బృందం పోలీసులకొచ్చిన ఫోన్లన్నీ చిరునామాల వారీగా లెక్కేసింది. ఊళ్ళో ఉన్న చిరునామాల్లో 3 శాతం పైచిలుకు చోట్ల నుంచే సగం ఫోన్లు వచ్చాయి. 1989లో అచ్చయిన ఈ లెక్క పోలీసు పని తీరునే మార్చేసింది. ‘ఆ పేట చెడ్డది’ అని మనం తేలిగ్గా అనేస్తాం. పేట ఎప్పుడూ చెడ్డది కాదు. పేటలో ఒక సందు మలుపు, ఒక మందు షాపు ముందున్న ఖాళీ జాగా, లైటు లేని ఒక ప్రహరీ వెనక, ఇలాంటివే నాలుగైదు ఉంటాయి. మిగతా వందల ఇళ్ళవాళ్ళు తొమ్మిదిన్నరకే తలుపులేసుకుని పడుకుంటారు.

ఇలా కొద్ది చోట్లలోనే గస్తీ పెట్టే పద్ధతి తుపాకుల మీద మొదట గట్టిగా వాడింది మళ్ళీ కాన్సస్ సిటీలోనే, 1992 జులై నుంచి 29 వారాలు. 144 నంబరు బీటు, అటూ ఇటూ 8, 10 వీధుల చదరం. రాత్రి 7 నుంచి ఒంటిగంట దాకా రెండు కార్లు, కారుకి ఇద్దరు. వాళ్ళకి ఫోన్లకి వెళ్ళే డ్యూటీ లేదు. ఒకటే పని: అక్రమంగా తుపాకులు పెట్టుకు తిరిగేవాళ్ళను పట్టుకోవడం. అంతకు ముందరి 29 వారాల్లో 46 తుపాకులు దొరికితే ఈసారి 76 దొరికాయి. తుపాకీ నేరాలు 169 నుంచి 86కి పడ్డాయి. పోల్చి చూడ్డానికి పెట్టుకున్న 242 నంబరు బీటులో అదే కాలంలో కొంచెం పెరిగాయి. గస్తీ ఎత్తేశాక నేరాలు మెల్లగా మళ్ళీ తలెత్తాయి. ఈ చివరి మాట చాలామంది చెప్పకుండా వదిలేస్తారు. నా దృష్టిలో ముఖ్యమైంది అదే. ఇది ఒకసారి వేయించుకుంటే జీవితాంతం పనిచేసే టీకా కాదు.

ఇక్కడే ఒక పెద్ద పొరపాటుకి ఆస్కారం ఉంది. 76 తుపాకులు దొరికాయంటే ఎంత ఎక్కువమందిని ఆపితే అంత మంచిదనుకుంటారు. 1997లో ఇండియానాపొలిస్‌లో రెండు ప్రాంతాల్లో రెండు పద్ధతులు పెట్టి చూశారు. తూర్పు వైపు దొరికిన బండినల్లా ఆపి చలానాలు రాశారు. ఉత్తరం వైపు తక్కువ బళ్ళే ఆపారు గానీ, అనుమానించడానికి కారణమున్నవాళ్ళనే ఆపి నింపాదిగా చూశారు. ఉత్తరంలో తుపాకీ నేరాలు 29 శాతం తగ్గాయి. తూర్పున తగ్గలేదు. న్యూయార్క్‌లో 2011 ఒక్క ఏడాదే 6,85,000 పైగా మందిని రోడ్డు మీద ఆపారు. పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది మీద ఏ కేసూ లేదు. ఆపినవాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో కుర్రాళ్ళు. 2013లో ఫెడరల్ కోర్టు ఆ తీరు రాజ్యాంగ విరుద్ధమంది. ఆపడాలు తర్వాత బాగా పడిపోయినా, భయపెట్టినట్టు నేరాలు పెరగలేదు. గుంపును ఆపడానికీ మనిషిని ఆపడానికీ ఇంత తేడా ఉంది.

మరి మన దగ్గర సంగతేంటి? టౌన్లో తుపాకీ మోత అరుదు. ఇక్కడి ఆయుధం కత్తి, పగలగొట్టిన బీరు సీసా, బ్లేడు. తుపాకీ ఉన్నదల్లా అడవి అంచున. నల్లమల కింద దోర్నాల, యర్రగొండపాలెం, అర్ధవీడు, గిద్దలూరు వైపు, వెలిగొండల కింద సీతారామపురం, ఉదయగిరి, రాపూరు వైపు పందుల వేటకి దాచుకునే నాటు తుపాకులు. రెంటికీ పద్ధతి ఒకటే, అమలు వేరు. ముందు టౌను సంగతి చూద్దాం.

మొదటి పని మ్యాపు. కనీసం మూడేళ్ళ గొడవలు, కొట్లాటలు, కత్తిపోట్లు, దారిదోపిడీలు తీసుకోవాలి. ఇక్కడే మన ఎఫ్‌ఐఆర్ ఇబ్బంది పెడుతుంది. అందులో ‘స్టేషన్ నుంచి దిక్కు, దూరం’ అని ఒక గడి ఉంటుంది. అందులో ‘ఈశాన్యం, 2 కి.మీ.’ అని రాస్తారు. కింద చిరునామాలో ‘వాటర్ ట్యాంకు దగ్గర’ అని ఉంటుంది. ఏ ట్యాంకు? దిక్కూ దూరం పట్టుకుని మ్యాపు మీద చుక్క పెడితే అది రెండు వీధులవతల, ఎవరికీ సంబంధం లేని స్కూలు మీద పడుతుంది. అందుకని చుక్క పెట్టే ముందు ఆ బీటు కానిస్టేబుల్‌ని పక్కన కూర్చోబెట్టుకోవాలి. ‘అన్నా, ఇది ఏ మలుపు?’ అని అడిగితే పదికి తొమ్మిది ఆయన ఠక్కున చెప్తాడు. కొత్త కేసులకి ఫోన్లో లొకేషన్ పిన్ను తీసి పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. ఇంకో తిరకాసు సమయం. ఎఫ్‌ఐఆర్‌లో ఫిర్యాదు అందిన టైమూ ఉంటుంది, ఘటన జరిగిన టైమూ ఉంటుంది. మొదటిది ఎక్కిస్తే గొడవలన్నీ పొద్దున 10 గంటలకి జరిగినట్టు కనపడతాయి. అప్పుడు గస్తీ పగలే పడుతుంది.

ఎఫ్‌ఐఆర్లు ఒక్కటే చాలవు. 112కి వచ్చిన ఫోన్లు కలపాలి. వెళ్ళేసరికి ఇద్దరూ రాజీపడ్డారని కేసు కట్టనివి కూడా. అన్నిటికంటే విలువైనది పెద్దాసుపత్రిలోని ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రిజిస్టరు, అంటే పోలీసులకి తెలపాల్సిన గాయాల పుస్తకం. పొట్ట పక్కన మూడంగుళాల కోతతో వచ్చినవాడు ‘సీసా మీద పడ్డాను సార్’ అంటాడు. కేసు ఉండదు, గాయం ఉంటుంది. వేల్స్‌లోని కార్డిఫ్‌లో జొనాథన్ షెపర్డ్ అనే సర్జన్ దీనికి దారి చూపించాడు. క్యాజువాలిటీలో చీటీ రాసేవాళ్ళు పేరూ ఊరూ పోలీసులకి ఇవ్వకుండా, ఎక్కడ జరిగింది, ఎప్పుడు, దేంతో, ఎంతమంది అన్న నాలుగు సంగతులు మాత్రం నెలనెలా పంపుతారు. పోలీసులకి అసలు తెలియని చోట్లు ఎన్నో అలా బయటపడ్డాయి. నెల్లూరు జీజీహెచ్‌లోనో ఒంగోలు జీజీహెచ్‌లోనో దీనికి కావలసింది ఓపీ చీటీ మీద నాలుగు గడుల రబ్బరు స్టాంపు, నెలకోసారి దాన్ని ఎక్సెల్‌లో ఎక్కించే ఒక డేటా ఎంట్రీ ఆపరేటరు. అంతే. ఇంత చవకైన పని ఇన్నాళ్ళూ మనం మొదలుపెట్టకపోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

చుక్కలు పెట్టాక స్టేషన్‌కి ఆరు పాయింట్లు మించి ఎంచకూడదు. పాయింటంటే ఒక మలుపు నుంచి ఇంకో మలుపు దాకా ఉన్న వీధి ముక్క. నిలబడితే ఆ చివర కనపడాలి. ‘ఫలానా నగర్ మొత్తం’ అని రాస్తే అది పాయింటు కాదు, మళ్ళీ పాత బీటే. ప్రతి పాయింటుకీ వారంలో ఏ రోజు, ఏ రెండు గంటలు అన్నది రాయాలి. మందు షాపులు రాత్రి 10కి కడతారు. కట్టే ముందు అరగంట, కట్టాక గంటన్నర ఒక రకం. బస్టాండు పక్క టిఫిన్ బళ్ళ దగ్గర అర్ధరాత్రి తర్వాత ఇంకో రకం. పిట్స్‌బర్గ్‌లో 1998లో గస్తీని తుపాకీ మోతలు ఎక్కువుండే బుధవారం నుంచి శనివారం దాకా రాత్రులకే, అదీ నాలుగేసి గంటలకే పరిమితం చేసి మంచి ఫలితం రాబట్టారు. రోజూ రాత్రంతా కాపలా కాయక్కర్లేదు.

ఒక్కో పాయింటు దగ్గర ఎంతసేపు ఉండాలన్నదానికి క్రిస్టఫర్ కోపర్ అనే పరిశోధకుడు 1995లో లెక్క చెప్పాడు. పోలీసు వచ్చి నిలబడి వెళ్ళాక ఆ చోటు ఎంతసేపు ప్రశాంతంగా ఉందని కొలిచాడు. 10 నిమిషాల పైన ఉంటే ఆ ప్రశాంతత బాగా సాగింది. 15 దాటాక అదనంగా నిలబడ్డ సమయానికి తగ్గ ఫలితం రాలేదు. బండి మీద అలా చుట్టి పోతే దాదాపు ఏమీ లేదు. కాబట్టి 12 నుంచి 15 నిమిషాలు, బండి దిగి. తర్వాత ఇంకో పాయింటుకి. ఒక వరసలో కాకుండా ప్రతి రాత్రీ వరస మార్చాలి. చీటీలు కలిపి తీసినా సరే. 9:40కి బ్లూ కోల్ట్స్ (బైకు మీద తిరిగే గస్తీ పోలీసులు) వచ్చి 9:55కి పోతారని తెలిస్తే కుర్రాళ్ళు 10 గంటలకి వస్తారు.

లెక్క కట్టి చూడండి. 15 నిమిషాలు నిలబడటం, 5 నిమిషాలు ప్రయాణం. ఆరు పాయింట్లకి రెండు గంటలు. రాత్రి 8 నుంచి 2 దాకా ఒక బ్లూ కోల్ట్స్ జత కాగితం మీద ఒక్కో పాయింటుని మూడుసార్లు చూడొచ్చు. మధ్యలో 112 ఫోన్లు ఊరుకోవు కాబట్టి రెండుసార్లకే ప్లాన్ వేయాలి. మూడు వేసి ఒకటి చేసి, రెండు దొంగ సంతకాలు పెట్టేకంటే ఇది మేలు. పాయింటు పుస్తకం సంగతి స్టేషన్లో పనిచేసిన ప్రతివాళ్ళకీ తెలుసు. ఒకే చోట టీ తాగుతూ రాత్రికి సరిపడా సంతకాలు పెట్టేయొచ్చు. క్యూఆర్ కోడ్ పెట్టినా స్కాన్ చేసి వెంటనే బండెక్కేస్తారు. వచ్చినప్పుడు ఒక స్కాన్, వెళ్ళేటప్పుడు ఒక స్కాన్, మధ్య కనీసం 12 నిమిషాలు ఉండాలన్న నియమం పెడితేనే అది పనికొస్తుంది.

ఆ 15 నిమిషాలు ఊరికే నిలబడ్డానికి కాదు. సెయింట్ లూయిస్‌లో రోజెన్‌ఫెల్డ్ అనే నేర పరిశోధకుడి బృందం 32 చోట్ల పరీక్షించింది. ఊరికే వచ్చి నిలబడ్డ చోట్ల తుపాకీ దాడుల్లో తేడా రాలేదు. వచ్చినవాళ్ళు బండ్లు చూడటం, మనుషులతో మాట్లాడటం, తమంతట తాము పని కల్పించుకుని చేసిన చోట్ల బాగా తగ్గాయి. పాన్ బంకు ఆయనతో రెండు మాటలు, ఖాళీ షెడ్డు వెనక టార్చి వేసి చూడటం, ప్రహరీ మీద, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మ కింద చెయ్యిపెట్టి వెతకటం. కత్తి జేబులో ఉంచుకునేవాళ్ళు తక్కువ. దగ్గర్లోనే గోడ సందులో, బైకు సీటు కింద దాస్తారు. ఆగిపోయిన వీధి దీపం స్తంభం నంబరు రాసుకోవడం కూడా ఇందులో భాగమే. ఆ నంబరు పొద్దున మున్సిపాలిటీకి చేరాలి.

మనిషిని ఆపే తీరు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ‘ఒరేయ్, ఆపరా, ఏడికిరా ఈ టైంలో’ అంటే ఆ కుర్రాడి దగ్గర ఏమీ దొరకదు, వాడి వీధి మొత్తం దూరమవుతుంది. ‘బాబూ, బండి పక్కకి పెట్టు. గొడవలు అవుతున్నాయని ఇక్కడ చూస్తన్నాం. లైసెన్సు ఉందా? సీటు ఒకసారి ఎత్తు.’ చూశాక ‘సరే నాయనా, వెళ్ళు, పొద్దుపోయింది’. ఎందుకు ఆపారో మొదటి మాటలోనే చెప్పడం, ఏమీ లేకపోతే మర్యాదగా పంపడం. రేపు ‘అన్నా, ఫలానావాడు కత్తి పెట్టుకు తిరగతన్నాడు’ అని ఫోన్ చేసేది ఈ కుర్రాడే.

చట్టం కూడా గుర్తుండాలి. అమెరికాలో పోలీసుకున్నట్టు అనుమానం మీద ఒళ్ళు తడిమి చూసే ప్రత్యేక అధికారం మన చట్టంలో లేదు. యూనిఫాంలో ఉన్న పోలీసు మోటారు వాహనాల చట్టం 130 కింద లైసెన్సు అడగొచ్చు. ఆయుధంతో అనుమానాస్పదంగా కనపడితే ఆయుధ చట్టం 20 కింద వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. అరెస్టు చేసినవాణ్ణి సోదా చేయడం బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 49వ సెక్షన్ కింద. ఆడవాళ్ళనైతే మహిళా సిబ్బందే చూడాలి. సోదా, స్వాధీనం వీడియో తీయాలని అందులోనే 105వ సెక్షన్ చెప్తోంది. ఈ వీడియో మంచి పోలీసుకి రక్షణ కూడా. కత్తుల విషయంలో టేపు పెట్టి కొలవాలి. ఆయుధ నిబంధనల్లోకి వచ్చేది 9 అంగుళాలకి మించి పొడవో, 2 అంగుళాలకి మించి వెడల్పో ఉన్న కత్తి. అందులోనూ ఇంటి పనికి, సేద్యానికి వాడేవి రావు. కొబ్బరిబోండాల ఆయన కత్తి తెచ్చి పట్టివేత లెక్కలో చూపిస్తే అంకె పెరుగుతుంది, నేరం తగ్గదు.

ఇక అడవి అంచు ఊళ్ళు. అక్కడ జీపు గస్తీ పనికిరాదు. రోడ్డు మీద హెడ్‌లైటు కనపడగానే తుపాకీ గడ్డివామిలోకో చేను కొట్టంలోకో పోతుంది. అక్కడ సమయాన్ని నిర్ణయించేది పంట. వేరుశనగ కాయ ఊరేటప్పుడు, మొక్కజొన్న కంకి పాలు పట్టేటప్పుడు పందులు దిగుతాయి, తుపాకులూ అప్పుడే బయటికొస్తాయి. ఏ ఊళ్ళో ఏ చేను ఏ వారం కోతకొస్తుందో వ్యవసాయ సహాయకుడు చెప్పగలడు. అడవిలో ఏ దారిన మనుషులు నడుస్తున్నారో అటవీ శాఖ బేస్ క్యాంపుల్లోని చెంచు వాచర్లు చెప్పగలరు. ఈ ఇద్దర్నీ అడక్కుండా పోలీసు ఒక్కడే వేసే గస్తీ చీకట్లో తడుములాటే. డొంక అడవిలోకి తిరిగే చోట ఇద్దరు పోలీసులు, ఇద్దరు అటవీ సిబ్బంది కాలినడకన, దీపం లేకుండా కూర్చోవాలి.

పందుల కోసం దాచిన తుపాకీ పందుల దగ్గరే ఆగదు. గట్టు తగాదా ముదిరిన రోజు చేతికందేది అదే. పొదలో కదిలింది పంది అనుకుని పేలిస్తే అక్కడున్నది తోటి వేటగాడు కావచ్చు. అందుకే ఇక్కడ సోదాలకంటే ముందు, పంట నష్టపరిహారం దరఖాస్తులు త్వరగా తేల్చడం, ఫలానా తేదీలోగా తుపాకీ తెచ్చిస్తే కేసు జోలికి పోమని ఎస్పీ స్థాయిలో మాటిచ్చి నిలబెట్టుకోవడం జరగాలి. పంట పోయి కడుపు మండుతున్న రైతుని నేరస్తుడిగానే చూస్తే ఊరు నోరు విప్పదు.

నాటు తుపాకీ దొరికినప్పుడు చాలామంది చేసే తప్పు ప్రాణాల మీదికి తెస్తుంది. మందు మూతి నుంచి దట్టించే రకానికి, లోపల గుండు ఉందో లేదో విప్పి చూసే వీలుండదు. మందు ఉందనే అనుకోవాలి. గుర్రం (పేల్చే సుత్తి) లాగి చూడకూడదు, మూతిలోకి తొంగి చూడకూడదు, జీపులో మనుషుల మధ్య పెట్టకూడదు. ఏఆర్ (సాయుధ రిజర్వు) ఆర్మరర్‌ని, అంటే ఆయుధాలు చూసే నిపుణుణ్ణి, పిలిచి ఖాళీ చేయించాకే కదపాలి. ఆ తర్వాత మధ్యవర్తుల ముందు పొడవు, గొట్టం కొలతలు రాసి, గుడ్డ సంచిలో పెట్టి, సీలు వేసి, కోర్టు ద్వారా ఎఫ్‌ఎస్‌ఎల్‌కి (ఫోరెన్సిక్ ల్యాబుకి). అది పేలే తుపాకీయే అని అక్కడి నివేదిక రావాలి. లైసెన్సు లేకుండా ఉంచుకున్న కేసుకి ఆయుధ చట్టం 2019 సవరణ తర్వాత రెండు నుంచి ఐదేళ్ళ శిక్ష ఉంది. అయితే ఆ చట్టం సెక్షన్ 39 ప్రకారం జిల్లా మేజిస్ట్రేటు అనుమతి లేకుండా విచారణే మొదలుకాదు. నివేదిక, ఎఫ్‌ఐఆర్ నకలు, పంచనామా జతచేసి కలెక్టరాఫీసుకి ఫైలు పంపడం మర్చిపోతే కేసు అక్కడితో సరి. పట్టుకున్న రాత్రి కష్టమంతా ఒక్క కాగితం దగ్గర పోతుంది.

ఈ పనంతటికీ సమయం పడుతుంది. ఒక పట్టివేత జరిగితే ఆ జత ఆ రాత్రికి గస్తీలో లేనట్టే. కాబట్టి పంచనామా, టైపింగు చూసుకునే ఒక రైటరు ఆ షిఫ్టులో స్టేషన్లోనే ఉండాలి. లేకపోతే ‘పట్టుకుంటే మనకే పని’ అనే ఆలోచన మెల్లగా సిబ్బందిలో దూరుతుంది.

ఫలితం కొలవడంలోనూ జాగ్రత్త కావాలి. వరసగా మూడు గొడవలైన నెల చూసి అక్కడ గస్తీ వేస్తే వచ్చే నెల ఎలాగూ తగ్గేదే. ఎక్కువైన ప్రతిదీ మామూలు స్థాయికి దిగుతుంది. ఆ తగ్గుదల గస్తీ ఖాతాలో వేసుకోకూడదు. మ్యాపులో పన్నెండు చోట్లు గుర్తించి, చీటీలు తీసి, ఆరింటినే గస్తీ పాయింట్లు చేసి మిగతా ఆరింటిని మామూలుగా ఉంచి పోల్చాలి. చలానాలు, ఆపిన బళ్ళు లెక్కలోకి తేకూడదు. ఏ అంకె అడిగితే సిబ్బంది ఆ అంకె తెస్తారు. అడగాల్సింది గాయాలు. ‘ఇక్కడ తరిమితే పక్క సందులోకి పోతారు’ అనే మాట ఎప్పుడూ వస్తుంది. ఫిలడెల్ఫియాలో 2009 వేసవిలో 60 చోట్ల కాలినడక గస్తీ 12 వారాలు వేస్తే హింసాత్మక నేరాలు 23 శాతం తగ్గాయి. కొంత పక్కకి జరిగినమాట నిజమే, అది తీసేసినా 53 నేరాలు నికరంగా తగ్గాయి. పక్క వీధుల చుక్కలూ లెక్కపెడితే ఈ అనుమానం ఎవరికి వాళ్ళే తీర్చుకోవచ్చు.

చివరగా బందోబస్తు. వీఐపీ వస్తే, నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ వస్తే, ఎన్నికలొస్తే సిబ్బంది అటు పోతారు. పోకతప్పదు. అప్పుడు ఆరు పాయింట్లనీ తలా ఐదు నిమిషాలు చూడాలనుకోకూడదు. ఏ రెండు పాయింట్లు వదలకూడదో ముందే రాసి ఎస్సై బల్ల మీద అద్దం కింద పెట్టుకోవాలి. ఇద్దరు హోంగార్డులు, ఒక కానిస్టేబుల్ మిగిలినా సరే, రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా ఆ రెండు చోట్లా నిలబడాలి. మిగతా నాలుగింటికి ఆ వారం గస్తీ లేదని జనరల్ డైరీలో ఉన్నదున్నట్టు రాయాలి. లేకపోతే మూడు నెలల తర్వాత లెక్క చూసేవాళ్ళకి, గస్తీ వేసినా గాయాలు తగ్గలేదన్న తప్పుడు సమాధానం వస్తుంది.